మందుల షేరు పడితే అడగవలసిన ప్రశ్న: తప్పు సరుకుదా, యాజమాన్యానిదా?

గోలేటి: సింగరేణి కార్మికులకు లాభాల వాటా అందే రోజుల్లో బొగ్గు బెల్టులో బంగారం కొట్లకు, మోటారు సైకిళ్ల షాపులకు, చిట్టీలు నడిపేవారికి మంచి గిరాకీ. 2024లో ప్రకటించిన వాటా 33 శాతం. మొత్తం రు. 796 కోట్లు. ఇలాంటి సొమ్ము చేతికి వచ్చినప్పుడు కొంత షేర్లలో పెట్టాలన్న ఆలోచన కలగడం సహజం. షేర్లన్న తర్వాత మొదట గుర్తుకొచ్చేవి హైదరాబాదు మందుల కంపెనీలు. పేర్లు తెలిసినవి, యజమానులు తెలుగువారు, ఫ్యాక్టరీలు చౌటుప్పల్‌లోనో జడ్చర్లలోనో బస్సులో పోతుంటే కనిపించేవి. జబ్బులు ఉన్నంత కాలం మందుల వ్యాపారానికి ఢోకా లేదన్న ధీమా ఒకటి.

ఈ ధీమాకు దెబ్బ తగిలేది ఒక్క రోజులోనే. సాయంత్రం రు. 1,000 ఉన్న షేరు మర్నాడు పదకొండు గంటలకు రు. 800 చూపిస్తుంది. కంపెనీ ఎక్కువగా మాట్లాడదు. పత్రికల్లో "అమెరికా తనిఖీలో లోపాలు" అని నాలుగు లైన్లు వస్తాయి. అప్పటినుంచి మదుపుదార్లు రెండు పక్షాలుగా చీలిపోతారు.

ఒక పక్షం "ఇంత పడ్డంక ఇంకేం పడుతదన్నా, ఇప్పుడే కొనాలె" అంటుంది. ఈ వాదన ప్రకారం ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదు, మందు ఇంకా అమ్ముడవుతూనే ఉంది, భయపడి అమ్మేవాడి వల్ల సరుకు చౌకగా దొరుకుతోంది. రెండో పక్షం యాజమాన్యాన్ని పట్టుకుంటుంది. "వాళ్లకు ముందే తెలుసు, మనకు చెప్పలే. ఒక మాట దాచినోడు పది దాస్తడు" అన్నది ఆ పక్షం మాట. మొదటివారు ధర చూసి మాట్లాడతారు, రెండోవారు మనిషిని చూసి మాట్లాడతారు. ఇద్దరి దగ్గరా కొంత న్యాయం ఉంది. వాదన తేలకపోవడానికి కారణం, షేరు ఎందుకు పడిందో తేల్చుకోక ముందే కొనాలా అమ్మాలా అన్న చర్చకు దిగడం.

గనిలో తనిఖీ, మందుల ఫ్యాక్టరీలో తనిఖీ

అమెరికా తనిఖీ సంగతి బొగ్గు బెల్టు పాఠకులకు అర్థం కావడం కష్టమేమీ కాదు. గనుల భద్రతా శాఖ ఇన్‌స్పెక్టర్ గనిలోకి దిగి పైకప్పు, గాలి, కన్వేయర్, రికార్డు పుస్తకాలు చూసి లోపాలు రాసి ఇస్తే వాటికి మేనేజర్ జవాబు చెప్పుకోవాలి. లోపం ప్రాణాపాయకరమని తోస్తే, 1952 గనుల చట్టంలోని 22వ సెక్షన్ కింద ఆ జిల్లాలోనో, ఆ ఫేసులోనో పని ఆపించిన సందర్భాలు పాత కార్మికులందరికీ తెలుసు. లోపాల జాబితా వేరు, పని ఆపమన్న ఉత్తర్వు వేరు. జాబితా రాని గని అంటూ ఉండదు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పద్ధతి కూడా దాదాపు ఇదే. అమెరికాకు మందు గాని, మందుకు కావలసిన ముడి రసాయనం గాని పంపే ఫ్యాక్టరీని ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూస్తారు. పోయేటప్పుడు అభ్యంతరాలుంటే రాసి ఇచ్చే కాగితాన్ని ఫారం 483 అంటారు. పదిహేను పనిదినాల్లో కంపెనీ జవాబు పంపుకోవాలి. జవాబు తృప్తికరంగా ఉంటే వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. లేకుంటే హెచ్చరిక లేఖ వస్తుంది. ఆ ఫ్యాక్టరీ పేరు మీద వచ్చే కొత్త మందుల దరఖాస్తులకు అనుమతులు ఆగిపోవచ్చు. అంతకు మించినది దిగుమతి నిషేధం. ఆ ఫ్యాక్టరీ సరుకు అమెరికా రేవులో దిగితే, పరీక్ష కూడా చేయకుండానే పట్టి ఆపుతారు. ఈ మూడింటిలో మొదటిది జాబితా, చివరిది పని ఆపడం. పత్రికలో వచ్చే "అమెరికా లోపాలు" అన్న మాటలో ఈ తేడా కనిపించదు. ఫారం 483 వచ్చిందని విని నిషేధం పడ్డట్టు అమ్మేసినవారూ ఉన్నారు, నిషేధం పడ్డాక కూడా "ఇవన్నీ మామూలే" అనుకున్నవారూ ఉన్నారు.

జాబితాలో అభ్యంతరాల సంఖ్య కన్నా వాటి స్వభావం ముఖ్యం. గోడ పెచ్చులూడింది, పైపు మీద తుప్పు ఉంది అంటే డబ్బు పెడితే బాగయ్యే పని. పరీక్ష ఫలితాలు కంప్యూటర్లో మార్చారు, ఫెయిలైన పరీక్షను పక్కన పెట్టి మళ్లీ చేశారు అంటే అది మనుషుల అలవాటుకు సంబంధించినది. రిపేరు చేయవలసింది పైపును కాదు. గనిలో గ్యాసు రీడింగు చూడకుండానే పుస్తకంలో రాసుకోవడం లాంటిది ఇది.

కాగితం చదివినా ఒక్కోసారి మోసపోతారు. 2020 ఫిబ్రవరిలో అరబిందో ఫార్మా నాలుగో యూనిట్‌కు తనిఖీ అనుకూలంగా ముగిసిందని అమెరికా సంస్థ నుంచి లేఖ వచ్చింది. షేరు ఎగబాకింది. కొద్ది రోజుల్లోనే ఆ లేఖను అదే సంస్థ వెనక్కు తీసుకున్నది. షేరు అంతే వేగంగా జారింది. ఆ కొద్ది రోజుల్లో కొన్నవారు చేసిన తప్పు ఏదీ లేదు.

దివీస్ సంగతి

రెండు పక్షాల వాదనకూ తగినంత సామగ్రి దొరికిన సందర్భం దివీస్ లేబొరేటరీస్‌ది. మురళీకృష్ణ దివి 1990లో మొదలుపెట్టిన ఈ కంపెనీ మాత్రలు, గొట్టాలు అమ్మదు. ఇతర కంపెనీల మాత్రల్లో ఉండే అసలు రసాయనాన్ని తయారు చేసి టోకున అమ్ముతుంది. ఒక ఫ్యాక్టరీ చౌటుప్పల్‌లో, రెండోది విశాఖ దగ్గర భీమునిపట్నం మండలం చిప్పాడలో. నొప్పులకు వాడే నాప్రాక్సెన్, దగ్గుకు వాడే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ వంటి వాటిలో ప్రపంచంలో పెద్ద ఉత్పత్తిదారు. 2003లో రు. 140 చొప్పున షేర్లు జనానికి అమ్మింది. అప్పు పెద్దగా లేదు. యజమాని కుటుంబం చేతిలో సగానికి పైగా వాటా ఉంది. అమ్మకాల్లో చాలా భాగం ఎగుమతులే.

2016 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 6 వరకు అమెరికా ఇన్‌స్పెక్టర్లు చిప్పాడ ఫ్యాక్టరీ చూశారు. ఐదు అభ్యంతరాలు రాశారు. రెండు వారాలకు పైగా గడిచాక, డిసెంబర్ 23న, మార్కెట్టుకు విషయం అందిన రోజున షేరు విలువలో ఐదో వంతుకు మించి పోయింది. కంపెనీ అమ్మకాల్లో సగానికి పైగా ఆ ఒక్క ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. యాజమాన్యం మీద కోపం పుట్టింది ఇక్కడే. తనిఖీ ముగిసిన రోజునే ఫారం చేతికి వస్తుంది. వచ్చిన రోజునే ఎక్స్‌ఛేంజీలకు వివరంగా ఎందుకు చెప్పలేదన్నది చిన్న మదుపుదార్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

2017 మార్చి 21న పిడుగు పడింది. చిప్పాడ ఫ్యాక్టరీ మీద రెండు రకాల దిగుమతి నిషేధాలు వచ్చాయి. ఒకటి ఉత్పత్తి పద్ధతుల లోపాల కింద. రెండోది 99-32 అనే నంబరు కింద. తనిఖీకి అడ్డు తగిలిన, లేదా ఆలస్యం చేసిన ఫ్యాక్టరీలను చేర్చే జాబితా అది. షేరు ఆ రోజు మళ్లీ దాదాపు ఐదో వంతు పడింది. ఆ తర్వాత వచ్చిన హెచ్చరిక లేఖలో పరీక్షల కంప్యూటర్ రికార్డుల విశ్వసనీయతను ప్రశ్నించారు. 2016 సెప్టెంబర్లో రు. 1,300 దాటి ఉన్న షేరు 2017 మే నెలలో రు. 550 లోపుకు చేరింది. రెండు రూపాయల ఆస్తి ఎనిమిది నెలల్లో రూపాయికి దిగిందన్న మాట.

అప్పుడు అమ్మినవారిని తెలివితక్కువవారు అనడానికి వీల్లేదు. "తనిఖీకి అడ్డు తగిలారు" అన్న మాట కన్నా ఒక యాజమాన్యం గురించి చెడ్డమాట మందుల వ్యాపారంలో మరొకటి ఉండదు. పైపులు పాతబడ్డాయన్నది లెక్కలోకి తీసుకోవచ్చు, అడ్డు తగలడాన్ని ఏ లెక్కలో వేస్తారు? ఇంకా ఏం దాచారో అన్న అనుమానం సహేతుకమే.

కొన్నవారి వాదనకు బలమిచ్చిన విషయం నిషేధం కాగితంలోనే ఉంది. పది ఉత్పత్తులను నిషేధం నుంచి మినహాయించారు. లెవెటిరాసెటం, గాబాపెంటిన్, లామోట్రిజిన్, నాప్రాక్సెన్ సోడియం వాటిలో కొన్ని. దివీస్ ఆపేస్తే అమెరికాలో ఆ మందుల కొరత వస్తుందన్న భయం మినహాయింపులో కనిపిస్తుంది. నిషేధం పెట్టినవాడే "నీ సరుకు లేకుంటే మాకు గడవదు" అని ఒప్పుకున్నట్టు. అప్పు లేదు కాబట్టి వడ్డీల కోసం బ్యాంకుల చుట్టూ తిరిగే పని లేదు. ఒక ముడి రసాయనం సరఫరాదారును మార్చుకోవాలంటే కొనే కంపెనీకి కొత్త పరీక్షలు, కొత్త అనుమతులు కావాలి. ఏడాదికి పైగానే పట్టే వ్యవహారం. కనుక కొనుగోలుదార్లు వెంటనే పారిపోరు.

2017 జూలైలో 99-32 జాబితా నుంచి ఫ్యాక్టరీ పేరు తీసేశారు. సెప్టెంబర్‌లో మళ్లీ తనిఖీ జరిగింది. నవంబర్‌లో రెండో నిషేధం కూడా ఎత్తివేశారు. 2016-17లో దాదాపు రు. 1,060 కోట్లున్న లాభం 2017-18లో సుమారు రు. 877 కోట్లకు తగ్గి, మరుసటి ఏడు రు. 1,350 కోట్లు దాటింది. 2018లో షేరు పతనానికి ముందటి ధరను దాటింది. భయపడి అమ్మినవారు నష్టపోయారు, నమ్మి ఆగినవారు గట్టెక్కారు.

ఈ కథ వినగానే "పడినప్పుడు కొనాలి" పక్షం చప్పట్లు కొడుతుంది. అయితే యాజమాన్యం చేసిన పని మరిచిపోకూడదు. బయటి నిపుణులను తెచ్చుకుని లోపాలు సరిదిద్దింది. యజమానులు తమ వాటా అమ్ముకోలేదు. ఎనిమిది నెలల్లో నిషేధం ఎత్తివేయించుకోగలగడం ఈ పరిశ్రమలో చాలా తొందరే. అందరికీ ఆ అదృష్టం పట్టలేదు.

అరబిందో 2011, అప్పు సంగతి

రామ్‌ప్రసాద్ రెడ్డి, నిత్యానంద రెడ్డి 1986లో స్థాపించిన అరబిందో ఫార్మా పెన్సిలిన్ జాతి మందుల ముడి సరుకుతో మొదలై అమెరికాకు మాత్రలు పంపే స్థాయికి ఎదిగింది. 2011 ఫిబ్రవరిలో దాని ఆరో యూనిట్ మీద దిగుమతి నిషేధం పడింది. సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్స్ చేసే యూనిట్ అది. దెబ్బ ఒక్కటే అయితే తట్టుకునేదేమో. 2006లో విదేశాల్లో అమ్మిన కన్వర్టబుల్ బాండ్లను ఆ ఏడాది మే నెలలో ప్రీమియంతో సహా తిరిగి చెల్లించవలసి వచ్చింది. షేరు ధర బాగుంటే బాండ్లు కొన్నవారు షేర్లు తీసుకునేవారు. ధర లేదు కాబట్టి నగదు అడిగారు. పైగా అప్పులు డాలర్లలో. ఆగస్టులో రు. 45 దరిదాపుల్లో ఉన్న డాలరు డిసెంబర్ నాటికి రు. 53 దాటింది. అంటే ఒక్క డాలరు కొత్తగా అప్పు చేయకుండానే రూపాయల్లో అప్పు పెరిగిపోయింది.

అదే సమయంలో జడ్చర్ల ప్రత్యేక ఆర్థిక మండలిలో భూముల కేటాయింపు విషయమై సి.బి.ఐ. దర్యాప్తు. 2012 మార్చి 31న దాఖలైన అభియోగ పత్రంలో హెటిరోతో పాటు అరబిందో పేరూ వచ్చింది. అభియోగం అభియోగమే, రుజువైన సంగతి కాదు. కాని షేరు మార్కెట్టు కోర్టు తీర్పు దాకా ఆగదు. 2011 ఆఖరుకు షేరు రు. 100 లోపుకు పడిపోయింది. 2011-12లో కంపెనీకి రు. 120 కోట్ల పైచిలుకు నష్టం.

యాజమాన్యం గురించిన చర్చ ఇక్కడ మరింత తీవ్రంగా ఉండడానికి కారణం ఉంది. దివీస్ విషయంలో ప్రశ్న ఫ్యాక్టరీకి పరిమితం. అరబిందోలో ఫ్యాక్టరీ, అప్పు, భూమి మూడూ కలిశాయి. ఏ ఒక్కటి తేలినా మిగతావి తేలవు. 2012 జూన్‌లో వ్యవస్థాపకులు రోజువారీ పగ్గాలు వదిలారు. కుటుంబానికి చెందని ఎన్. గోవిందరాజన్ మేనేజింగ్ డైరెక్టరయ్యారు. వాటా మాత్రం కుటుంబాల దగ్గరే ఉండిపోయింది. "పేరు మారింది, పెత్తనం మారలేదు" అని ఒకరంటే, "సంతకం పెట్టే మనిషి మారితే బాధ్యత కూడా మారుతుంది" అని మరొకరు. 2013లో నిషేధం తొలగింది. ఆ ఏడాది డిసెంబర్‌లో డిప్రెషన్‌కు వాడే డ్యులాక్సిటిన్ మందు పేటెంటు అమెరికాలో ముగియడంతో మొదటి నెలల్లోనే పెద్ద లాభం వచ్చిపడింది. 2014 ఆఖరుకు షేరు రు. 1,000 దాటింది. మూడేళ్లలో పదింతలు.

ఇందులో యాజమాన్యం ప్రతిభ ఎంత, డ్యులాక్సిటిన్ అదృష్టం ఎంత అన్నది నిష్కర్షగా తేల్చడం కష్టం. ఆ మందుకు దరఖాస్తు మాత్రం కష్టకాలానికి ఎన్నో ఏళ్ల ముందే వేసి ఉంచారన్నది గమనించాలి. మందుల కంపెనీలో ఈనాటి లాభం నాలుగైదేళ్ల కిందటి పని. ఈనాటి షేరు ధర చూసి ఈనాటి యాజమాన్యాన్ని పొగడడం గాని తిట్టడం గాని అందుకే తరచు గురి తప్పుతుంది.

లేవని షేర్లు, ఆలస్యంగా లేచినవి

డాక్టర్ రెడ్డీస్‌కు 2015 నవంబర్‌లో శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ ఫ్యాక్టరీల మీద ఒకేసారి హెచ్చరిక లేఖ వచ్చింది. అదే ఏడాది మధ్యలో రు. 4,000 దాటి ఉన్న షేరు 2017 ఆగస్టుకు రు. 2,000 లోపుకు వచ్చింది. మళ్లీ రు. 4,000 కనిపించింది 2020లో. మంచి కంపెనీ, పేరున్న యాజమాన్యం, అయినా ఐదేళ్లు. బ్యాంకులో వేసుకున్నా ఆ ఐదేళ్లలో వడ్డీ వచ్చేది.

ర్యాన్‌బాక్సీ మన ప్రాంతానిది కాదు గాని చెప్పక తప్పదు. 2008లో జపాన్ కంపెనీ దైఇచి సాంక్యో దాన్ని షేరు రు. 737 చొప్పున కొన్నది. ఆ సెప్టెంబర్‌లోనే పాంవ్‌టా సాహిబ్, దేవాస్ ఫ్యాక్టరీల మీద అమెరికా నిషేధం పెట్టింది. పరీక్షల రికార్డులు కల్పించినవని తేలింది. 2013 మే నెలలో కంపెనీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. 2014లో సన్ ఫార్మాలో కలిపేటప్పుడు షేరుకు కట్టిన లెక్క రు. 457. ఆరేళ్లు ఆగినవారికి అది దక్కింది. అంత పెద్ద కంపెనీని కొన్న జపాను వారికే లోపలి సంగతి తెలియలేదంటే, టౌన్‌షిప్ క్వార్టర్‌లో కూర్చున్నవారికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తనిఖీ లేకుండా పడేవి

ఏ లోపమూ లేకుండా పడిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇదే దివీస్ షేరు 2021 అక్టోబర్‌లో రు. 5,000 దాటింది. కోవిడ్ మందు మోల్నుపిరావిర్ ముడి సరుకు ఆర్డర్లు అందుకు ఒక కారణం. కోవిడ్ తగ్గింది, ఆర్డర్లు ఆగాయి. 2021-22లో రు. 2,960 కోట్లున్న లాభం మరుసటి ఏడు రు. 1,824 కోట్లకు పడింది. 2023 మొదట్లో షేరు రు. 3,000 లోపుకు దిగింది. ఇందులో యాజమాన్యం చేసిన తప్పేమీ లేదు. ఒకసారి వచ్చిన లాభాన్ని ఎప్పటికీ వచ్చేదిగా లెక్క కట్టుకున్నవారిదే పొరపాటు.

2016-18 మధ్య అమెరికాకు జనరిక్ మందులు అమ్మే కంపెనీలన్నీ తిన్న దెబ్బ ఇంకొక రకం. అక్కడ టోకు కొనుగోలుదార్లు, మందుల షాపుల గొలుసులు ఒకరితో ఒకరు కలిసి మూడు పెద్ద జట్లుగా ఏర్పడ్డారు. జనరిక్ కొనుగోళ్లలో చాలా భాగం ఈ మూడు జట్ల చేతుల్లోకి పోయింది. అమ్మేవారు వందమంది, కొనేవారు ముగ్గురు. ధర ఎవరు చెబుతారో వేరే చెప్పనక్కర లేదు. రామగుండం ఎన్.టి.పి.సి.కి బొగ్గు అమ్మడానికీ దీనికీ పోలిక లేదు. అక్కడ గని పక్కనే కరెంటు స్టేషన్, దీర్ఘకాల ఒప్పందం, ప్రకటించిన రేటు. కొనేవాడు రేపు వేరే గనికి పోలేడు. జనరిక్ మాత్ర విషయంలో రేపే పోగలడు.

షేరు పతనాలు కనుక ఒకే తరహావి కావు. ఫ్యాక్టరీ లోపం, రికార్డుల దొంగతనం, అప్పు భారం, ధరల పోటీ, ఆర్డరు అయిపోవడం వేటికవే. "యాజమాన్యం బాగాలేదు" అన్న ఒక్క మాట అన్నిటికీ అతికించడం వల్లనే చర్చ ముడిపడిపోతుంది. రికార్డుల దొంగతనం అయితే ఆ మాట చెల్లుతుంది. ధరల పోటీలో చెల్లదు. అప్పు విషయంలో సగం చెల్లుతుంది. డాలర్లలో అప్పు చేసింది యాజమాన్యమే గాని రూపాయిని పడగొట్టింది వారు కాదు.

సింగరేణి షేరు కూడా ఒకప్పుడు

యాజమాన్యం మాట నమ్మి షేరు కొనడం బొగ్గు బెల్టుకు కొత్త సంగతి కాదు. సింగరేణికి మూలమైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో లండన్‌లో పుట్టింది. పది లక్షల పౌన్ల మూలధనంలో పెద్ద భాగం షేర్లు గనుల హక్కు పొందినవారి చేతికే నగదు లేకుండా పోయాయి. ఆ షేర్లను పైధరకు అమ్మారని, కొన్నిటిని నిజాం సర్కారు చేతనే కొనిపించారని గొడవ లేచి, 1888లో లండన్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. భూమిలో బొగ్గు నిజంగానే ఉంది. షేరు వ్యవహారమే వేరు. తర్వాత నూరేళ్లకు, 1990 దశకంలో, ప్రభుత్వ సంస్థగా మారిన సింగరేణి నష్టాల వల్ల రెండుసార్లు బి.ఐ.ఎఫ్.ఆర్. గడప తొక్కింది. బొగ్గు అప్పుడూ ఉంది. సమ్మెలు, అప్పులు, ధరల నియంత్రణ కలిసి సంస్థను అక్కడికి తెచ్చాయి. అదే సంస్థ ఇప్పుడు లాభాల్లో కార్మికులకు వాటా పంచుతోంది. సరుకు మంచిదైనంత మాత్రాన కంపెనీ మంచిది కాదని, కంపెనీ ఒకప్పుడు పడిందని ఎప్పటికీ లేవదని గాని అనుకోనక్కర లేదని ఈ ప్రాంతం వారికి అనుభవమే.

సగటు దించుకోవడం

పడిన షేరును మళ్లీ కొని సగటు ధర దించుకోవడం చాలామంది చేసే పని. లెక్క చూడాలి. రు. 1,000 చొప్పున 50 షేర్లు కొంటే పెట్టుబడి రు. 50,000. ధర రు. 600 అయినప్పుడు మరో 50 కొంటే ఇంకో రు. 30,000. సగటు రు. 800. అసలు దక్కాలంటే షేరు ఇంకా మూడో వంతు పెరగాలి. మొదటి రు. 50,000తో ఆగిపోయి ఉంటే నష్టపోయే అవకాశం అంతవరకే. ఇప్పుడు రు. 80,000 ఒకే కంపెనీలో ఇరుక్కుంది. మొదట కొన్న కారణం ఇంకా నిలిచి ఉంటేనే రెండోసారి కొనడానికి అర్థం. ధర తగ్గిందన్నది కారణం కాదు.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఆ డబ్బు ఎప్పుడు కావాలన్నది. దివీస్‌లో చిక్కుకున్నవారు ఏడాదిన్నర, రెండేళ్లు ఆగారు. అరబిందోలో రెండు మూడేళ్లు. రెడ్డీస్‌లో ఐదేళ్లు. ముప్పయ్యేళ్ల ట్రామర్‌కు ఐదేళ్లు పెద్ద లెక్క కాదు. 61 ఏళ్లకు రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి, మంచిర్యాలలోనో కాగజ్‌నగర్‌లోనో ఇల్లు చూసుకోవలసిన మనిషికి, కూతురి పెళ్లి మాఘంలో పెట్టుకున్న తండ్రికి ఆ ఐదేళ్లు లేవు. అదే షేరు, అదే యాజమాన్యం, అయినా ఒకరికి ఆగడం సబబు, మరొకరికి నష్టానికే అమ్మడం సబబు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరినొకరు తప్పు పట్టుకోవడం వృథా.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయంటే

పూర్వం హైదరాబాదు స్టాక్ ఎక్స్‌ఛేంజీ ఉన్న రోజుల్లో బ్రోకరు చెప్పిందే వేదం. ఆ ఎక్స్‌ఛేంజీ గుర్తింపు 2007లో రద్దయింది. ఇప్పుడు చిన్న మదుపుదారుకు కూడా చాలా కాగితాలు ఉచితంగా అందుతాయి. కంపెనీ ఎక్స్‌ఛేంజీలకు పంపే ప్రకటనలు బొంబాయి, జాతీయ ఎక్స్‌ఛేంజీల్లో అదే రోజు చూడవచ్చు. అమెరికా సంస్థ హెచ్చరిక లేఖలను పూర్తి పాఠంతో ప్రచురిస్తుంది. దిగుమతి నిషేధం జాబితాలో ఫ్యాక్టరీ పేరు, ఊరు, మినహాయింపు పొందిన ఉత్పత్తులు ఉంటాయి. మూడు నెలలకొకసారి యాజమాన్యం విశ్లేషకులతో జరిపే సంభాషణ పాఠం కూడా దొరుకుతుంది. ఈ పాఠాల్లో ఒక మెలకువ పనికొస్తుంది. కిందటి ఏడాది ఇదే సమయంలో యాజమాన్యం ఏం జరుగుతుందని చెప్పింది, ఏం జరిగింది అన్నది పక్కపక్కన పెట్టి చదవాలి. ఫలానా నెలకు ఫ్యాక్టరీ తిరిగి తనిఖీకి సిద్ధమని చెప్పి, ఆ నెల దాటాక మరో నెల చెప్పి, తర్వాత ఆ విషయమే ఎత్తకపోతే గమనించాలి. యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టారా అన్నది మూడు నెలల వాటాదార్ల జాబితాలో ఉంటుంది. షేరు పడుతుంటే తాకట్టు వాటా పెరగడం అన్నిటికన్నా చెడ్డ సూచన. రుణదాత ఆ షేర్లను మార్కెట్లో అమ్మేస్తే పతనం రెట్టింపవుతుంది. ఆడిటరు కాలవ్యవధి ముగియకుండా రాజీనామా చేస్తే కారణం కూడా ఎక్స్‌ఛేంజీకి తెలపాలి. ఆ లేఖ అరపేజీయే ఉంటుంది, చదవడం మానకూడదు.

ముడి సరుకు ధరలు కూడా చూడవలసిందే. యాంటీబయాటిక్స్‌కు మూలమైన పెన్సిలిన్-జి చాలా ఏళ్లుగా చైనా నుంచే వస్తోంది. అక్కడి ధర ఎక్కినప్పుడు మన కంపెనీల లాభం తగ్గుతుంది. ధర మరీ దిగినప్పుడు ఇక్కడ కొత్తగా ఫ్యాక్టరీ పెట్టినవారికి కష్టం. కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహక పథకం కింద అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ కాకినాడ దగ్గర ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ నిర్మించింది. 2024లో ఉత్పత్తి ప్రయత్నాలు మొదలయ్యాయి. ఇలాంటి ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ షేరు కొనేవారు అమెరికా తనిఖీల వార్తలతో పాటు చైనా రేవుల్లో పెన్సిలిన్-జి కిలో ధరను కూడా కనిపెట్టి ఉండాలి.